పత్రిక చూపిస్తేనే జాకెట్టు

మా చెల్లెలి కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసిన వేసవిలో దాని తండ్రి, మా మరిది, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చి, మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా నన్ను ఒకటే మాట అడిగాడు.

"నీ నోటితోనే చెప్పు వదినా. వస్తాదా, రాదా?"

అడిగింది సీటు గురించి. ఆ పిల్ల ఇంటర్ కోసం మా ఇంట్లోనే ఉంటూ ప్రొద్దుటూరులో ఎంపీసీ చదువుతోంది. లెక్కల్లో గట్టిది. ఆ గట్టితనం చూసి వాళ్ళ నాన్న మనసులో దాన్ని ఎప్పుడో కంప్యూటర్ ఇంజనీరింగులో కూర్చోబెట్టేశాడు. అదేమో ఉన్నట్టుండి నేను ఎకనామిక్స్ చదువుతాను, చదివితే ఫలానా యూనివర్సిటీలోనే చదువుతాను అని మొదలుపెట్టింది. ఆ యూనివర్సిటీ మన రాష్ట్రంలో లేదు. వాళ్ళు మార్కులు చూస్తారు, వ్యాసాలు రాయిస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు, చదువు కాక ఇంకేం చేశావని అడుగుతారు. ఈ పిచ్చి పిల్లకు అంటించింది నేనేనని ఇంట్లో అందరి నమ్మకం. నేను బీఏలో చదివింది ఎకనామిక్సే. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా చేరాక ఆ చదువు ఎక్కడా అక్కరకు రాలేదు. ఊరికే పోనివ్వడం ఇష్టంలేక, బంగారం ధర ఎందుకు పెరిగింది, ఆటోవాళ్ళంతా ఒకటే రేటు ఎట్లా చెప్తారు అని ఇంటికొచ్చిన ప్రతి మనిషితో వాదించి దాన్ని వాడుకున్నాను. పక్కన కూర్చుని విన్నది ఈ పిల్ల.

మా మరిది చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. మాట తక్కువ, ఆడితే తప్పడు. ఒక షరతు పెట్టాడు. ఆ ఒక్క యూనివర్సిటీకి ఒక్కసారి అప్లై చేసుకోవచ్చు. వస్తే పంపిస్తాడు. రాకపోతే మూతి ముడుచుకోకుండా ఇంజనీరింగులో చేరాలి. పిల్ల సరేనంది. మా చెల్లెలు కూడా సరేనంది. ఆమె ఎవరేమన్నా సరేనంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

ఇంతకూ అతనికి కావలసింది పిల్లకు ఛాన్సు ఎంత ఉందన్న సంగతి. మా వైపు పిల్లలు ఇంటర్‌కు వచ్చారంటే తండ్రులంతా ఈ విద్యలో పండితులైపోతారు. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి పోయిన ఏడు ఆఖరి ర్యాంకు ఎంతో టీ అంగడి ముందర నిలబడి ఒప్పజెప్తారు. ఈ ర్యాంకుకు కడపలో రాదు, పులివెందులలో రావచ్చు, కౌన్సెలింగు రెండో విడతదాకా ఓపిక పడితే ఇంకొంచెం మంచిది రావచ్చు అని చెప్పడంలో ఒక్కడూ తడుముకోడు. మా మరిది కూడా అంతే. ఈ యూనివర్సిటీ దగ్గరికి వచ్చేసరికే అతనికి కాలు నిలిచే చోటు దొరకలేదు.

"కటాఫ్ ఎంత?"

కటాఫ్ అని ఏమీ లేదప్పా అన్నాను.

"లేకపోవడమేంది వదినా. సీట్లు అన్నాక ఆఖరి సీటు ఒకటి ఉంటాది. ఆఖరి సీటు అన్నాక దాంట్లో కూర్చున్నోడు ఒకడు ఉంటాడు. వానికి ఎంతొచ్చిందో చెప్పమంటాండా."

అది మంచి ప్రశ్న అని అప్పుడే అనిపించింది. అతని ముందు ఒప్పుకోలేదు. మా ఆఫీసులో మనిషి ఏ వయసులో పోతాడో అంచనా కట్టే పట్టికలున్నాయి. పిల్లకు సీటు వస్తుందో రాదో చెప్పే పట్టిక మాత్రం ఎక్కడా లేదు. అదే చెప్పాను. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ఇంకెవరినన్నా అడుగుతానని లేచాడు.

అడిగాడు కూడా. ఆ నెలలోనే హైదరాబాదు నుంచి ఎవరో కన్సల్టెంటు వచ్చి ప్రొద్దుటూరులో ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు పెడితే, పిల్లతోబాటు నన్నూ తీసుకుపోయాడు. ఆ కుర్రాయన ల్యాప్‌టాప్‌లో పిల్ల మార్కులు కొట్టి ఇంత శాతం ఛాన్సు ఉందని చూపించాడు. మా మరిది ముఖం వెలిగింది. ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అని నేను అడిగాను. సాఫ్ట్‌వేర్ చెప్తుంది మేడమ్ అన్నాడు. మా ఆఫీసు పట్టికలు చచ్చిపోయినవాళ్ళను లెక్కపెట్టి తయారుచేసినవి, మీ సాఫ్ట్‌వేర్ ఎవరిని లెక్కపెట్టింది, జమ్మలమడుగు పిల్లలు ఎంతమంది అప్లై చేస్తే ఎంతమందికి వచ్చింది అన్నాను. ఆయన, ముందు మీ పిల్ల ప్రొఫైల్ బలపడాలి, ఇంటర్న్‌షిప్పులు కావాలి, అది మేము చూసుకుంటాం అన్నాడు. చూసుకోవడమంటే సర్టిఫికెట్టు ఇప్పించడం. దానికో ఫీజు. బయటికి వచ్చాక మా మరిది, "నువ్వు మనిషిని నిలబెట్టి అడిగితే ఎవురు మాత్రం చెప్తారు" అని నా మీద విసుక్కున్నాడు. పిల్ల మాత్రం, ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట నిజం పెద్దమ్మా, నేను ఇంతవరకూ చదవడం తప్ప ఏమీ చేయలేదు అంది. సెలవుల్లో ఎక్కడన్నా పని చేస్తానంది.

ప్రొద్దుటూరులో పదహారేళ్ళ పిల్లకు పని దొరకడం కష్టం కాదు, పేదింటి పిల్లయితే. మా లాంటివాళ్ళ పిల్లకు ఊరకే సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు వీధికొకరున్నారు, పని ఇచ్చేవాళ్ళే లేరు. ఈ సంగతి నాకు పులివెందులలో తెలిసివచ్చింది.

అక్కడ నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలుంది. వాళ్ళది అరటికాయల వ్యాపారం. తోటలకు తోటలు మాట్లాడుకుని, గెలలు కోయించి, లారీలకెత్తి ఉత్తరాదికి పంపుతారు. పిల్లను పంపిస్తానంటే ఆమె ఫోనులోనే మురిసిపోయింది. వారం తర్వాత వెళ్ళి చూస్తే పిల్ల బుగ్గలొచ్చి ఉంది. తోట చూస్తానంటే కారులో పంపారట. చెట్ల నీడన కుర్చీ వేయించి, గొడుగు పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టి, టెంకాయ నీళ్ళు ఇప్పించారట. గెలల తూకం రాస్తానని పిల్ల పుస్తకం అందుకుంటే నా స్నేహితురాలి అత్తగారు చూసి మేస్త్రీని కేకలేసిందట, మన ఇంటికొచ్చిన పిల్ల చేత పని చేయిస్తే నలుగురిలో మాకేం మర్యాద అని. వచ్చేటప్పుడు పిల్లకు కొత్త డ్రెస్సు, గాజులు, వాటితోబాటు ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆరు నెలలు మార్కెటింగ్ మేనేజర్‌గా పనిచేసిందని అందులో ఉంది.

బస్సులో పిల్ల దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ, "ఇది చూపిస్తే వాళ్ళు నన్ను ఉద్యోగానికన్నా తీసుకుంటారేమో గానీ చదువుకోవడానికి మాత్రం తీసుకోరు పెద్దమ్మా" అంది. నవ్వుతూనే అంది గానీ, సెలవుల్లో ఒక వారం పోయిందని దాని దిగులు.

తర్వాత నేనే మా ఊళ్ళో బట్టలంగడి ఆయన దగ్గరికి వెళ్ళాను. నాలుగు జిల్లాల పెళ్ళివాళ్ళు ప్రొద్దుటూరు వచ్చి బట్టలు తీస్తారు. పరుపు మీద కూర్చుని, ఇరవై చీరలు విప్పించి, లేచి ఇంకో అంగడికి పోతామని బెదిరించి, చెప్పుల్లో కాలు పెట్టాక ధర తేల్చుకుంటారు. ఎకనామిక్స్ చదవాలనుకునే పిల్లకు అంతకంటే మంచి బడి ఏముంటుందని నా ఆలోచన. ఆ అంగడాయనకు నా బేరాలు చాలా ఏళ్ళుగా తెలుసు. అదే చిక్కయింది. పిల్లను మీ అంగట్లో నెలరోజులు పనికి పెట్టుకోవాలి, జీతం వద్దు అని నేను చెప్తుంటే ఆయన చిరునవ్వుతో విన్నాడు.

"ఏమక్కా, ఈసారి కొత్త దారిలో వస్తాండావే. పెండ్లి ఎవురిదో చెప్పు, నేనే తగ్గిస్తా. దీనికి మధ్యలో పాపనెందుకు ఎండలో తిప్పుతాండావు?"

పెళ్ళి లేదు, బేరమూ లేదు అని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. నేను లేచే కొద్దీ తగ్గింపు పెంచుతూ పోయాడు. మెట్లు దిగేసరికి జీవితంలో ఎప్పుడూ దక్కని ధర దక్కింది. కొనవలసింది మాత్రం ఏమీ లేదు.

చివరికి పని పిల్లే వెతుక్కుంది, అదీ నాకు చెప్పకుండా.

మా వీధి చివర ఒక ముస్లిం ఆమె పెళ్ళి జాకెట్లకు మగ్గం వర్క్ చేయిస్తుంది. గుడ్డను చెక్క చట్రానికి బిగించి, జరీతో, పూసలతో, రాళ్ళతో చేతులకూ వీపుకూ కుట్టే పని అది. భర్త కువైట్‌లో ఉంటాడు. కింద హాల్లో నాలుగు చట్రాలు, వాటి చుట్టూ కుట్టే ఆడపిల్లలు, గోడకు కొక్కేలు, కొక్కేలకు జాకెట్లు. ఊళ్ళో ఆమె చేతికున్న పేరు చిన్నది కాదు. ఆలస్యానికి ఉన్న పేరు అంతకంటే పెద్దది. మా అన్న కొడుకు పెళ్ళికి నా జాకెట్టు తలంబ్రాల పొద్దున ఇచ్చింది. ఆ పొద్దున నేను వీధిలో నిలబడి అన్న మాటలకు, ఆమె మేడ మీద నుంచి ఇచ్చిన జవాబులకు మా మధ్య మాటలు బంద్.

పిల్ల పోయి పని అడిగితే ఎవరి బిడ్డవని అడిగిందట. చెప్పింది. ఆమె సూది ఆపి పైనుంచి కింది దాకా చూసిందట.

"ఆ నోటి మనిషి చెల్లెలి కూతురువా? అయితే నీకు మర్యాదలు చేయాల్సిన పని ల్యా. రేపు పొద్దున్నే రా."

ఇంటికొచ్చి నాకు ఆ మాట యథాతథంగా చెప్పి, పిల్ల ఎంత సంతోషపడిందో చెప్పలేను. నాకు కోపం రావలసింది. రాలేదు. నా నోటి వల్ల దానికి జరిగిన మొదటి ఉపకారం అది.

మొదటి పని ఫోన్లు ఎత్తడం. జాకెట్టు ఏమైందని అడిగితే ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. ఆ హాల్లో పుట్టి పెరిగిన పిల్లలెవరైనా రేపు ఇస్తాం అంటారు. మా పిల్ల మాత్రం లేచి వెళ్ళి, కొక్కెం చూసి, తిరిగి వచ్చి, మీది ఇంకా మొదలుపెట్టలేదండీ అని చెప్పింది. అందరికీ అట్లాగే చెప్పింది. సాయంత్రానికి ఆ ఇంటి ముందు ఆడవాళ్ళు గుంపు కూడారు. వాళ్ళను ఎట్లో సాగనంపి, ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. అన్ని నెలల తర్వాత మా గుమ్మం ముందర ఆమె అన్న మొదటి మాట ఇది.

"ఏమక్కా, పాపకు అబద్ధం నేర్పియ్యల్యా నువ్వు?"

నేర్పించలేదు, ఏం అన్నాను.

"నేర్పిచ్చి పంపియ్యి. ల్యాకుంటే నా పని మూసుకోని నేనూ కువైట్‌కు పోవల్ల."

అక్కడ మొదలై దీపాలు పెట్టేదాకా వాదించుకున్నాం. ఇచ్చిన తేదీకి ఇవ్వకపోవడం నీ తప్పు అని నేను. పెళ్ళి తేదీ నిజం చెప్పకపోవడం మీ తప్పు అని ఆమె. పెళ్ళి నెలాఖరునయితే పదో తారీఖునే అని చెప్తారు, నువ్వూ చెప్పలేదా అక్కా, నీ అన్న కొడుకు పెండ్లి వారం ముందరే అని చెప్పినావు, ఆ తేదీ పోయినాక కూడా నువ్వు మామూలుగా కూరగాయలు తెచ్చుకుంటాంటే నేను మిద్దె మీద నుంచి చూడలేదా అంది. చూసిందే. నువ్వు ఎట్లాగూ ఆలస్యం చేస్తావు కాబట్టి ముందరి తేదీ చెప్తాం అన్నాను. మీరు ఎట్లాగూ ముందరి తేదీ చెప్తారు కాబట్టి నేను నింపాదిగా చేస్తాను అంది. మా పిల్ల గుమ్మానికి ఆనుకుని ఇటూ అటూ చూస్తోంది. దాని కళ్ళు అంత పెద్దవి కావడం పరీక్ష ఫలితాలప్పుడు కూడా నేను చూడలేదు.

"ముందు ఎవరు మొదలుపెట్టినారు?" అని అడిగింది.

ఇద్దరం ఒకేసారి ఒకరినొకరం చూపించుకున్నాం.

ఆ రాత్రి పిల్ల అన్నం తింటూ నాకు విడమరిచి చెప్పింది. తేదీలన్నీ అబద్ధాలే కాబట్టి ఏ జాకెట్టు నిజంగా తొందరో ఆ ఆంటీకి తెలియదట. తెలియదు కాబట్టి ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళది చట్రానికి ఎక్కుతుందట. అరవలేనివాళ్ళ జాకెట్లు కొక్కేనికే ఉంటాయట. అట్లా అన్నప్పుడు నా వైపు చూడకుండా పెరుగు కలుపుకుంది. అరవకపోతే ఈ ఊళ్ళో పని జరుగుతుందా అని నేను అన్నాను. అదే కదా పెద్దమ్మా నేను చెప్పేది అంది.

దానికి ఒక ఉపాయం తోచింది. పెళ్ళి తేదీ నోటితో చెప్పడంలోనే కదా తిరకాసు, పెళ్ళిపత్రిక తెచ్చి చూపించమంటే సరి, అచ్చయిన ముహూర్తాన్ని ఎవరూ మార్చలేరు. మగ్గం ఆమెకూ నచ్చింది. పిల్ల అట్టముక్క మీద తన చక్కటి అక్షరాలతో "పెళ్ళిపత్రిక చూపిస్తేనే తేదీ ఇవ్వబడును" అని రాసి తలుపుకు తగిలించింది. పత్రికలు రావడం మొదలైంది. పిల్ల ముహూర్తాల వరుసలో జాకెట్లను కొక్కేలకు సర్దింది. ఒక వారం ఆ హాల్లో ఒక్క అరుపు వినపడలేదు. ఫోనులో నిజం చెప్పినా ఎవరూ గుంపు కట్టలేదు. మా మరిది వచ్చినప్పుడు పిల్ల అతన్ని తీసుకుపోయి ఆ కొక్కేల వరుస చూపించింది. అతను లోపలికి పోకుండా గడప దగ్గరే నిలబడి తల ఊపాడు. అతని తల ఊపు చిన్నది కాదు, దానికోసం మా చెల్లెలు ఇరవై ఏళ్ళుగా వంట చేస్తోంది.

రెండో వారానికి సంగతి తిరగబడింది.

మా వైపు పెళ్ళిపత్రికను ఎవరూ రసీదు చూపించినట్టు చూపించరు. చేతికిచ్చారంటే పిలిచినట్టే. అంచులకు పసుపు పూసి, తాంబూలంతో పాటు రెండు చేతులా ఇస్తారు. ఆ ఆడవాళ్ళకు వట్టి పత్రిక చూపించి మళ్ళీ సంచిలో పెట్టుకోవడానికి చెయ్యాడలేదు. ఎట్లాగూ తెచ్చాం కదా అని కుంకుమ భరిణె కూడా తెచ్చుకున్నారు. నువ్వు తప్పకుండా రావల్ల, పిల్లల్ని కూడా పిలుచుకోని రావల్ల అని ఆమెను, చట్రాల దగ్గరున్న ఆడపిల్లలను, మా పిల్లను కూడా పేరుపేరునా పిలిచారు. పిలిచాక పోకపోతే ఎట్లా? పెళ్ళికూతురు తొడుక్కున్న జాకెట్టు కుట్టిన మనిషి పెళ్ళికి రాకపోతే ఆ ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకోరా? ఆమె పోయింది. మైలవరం పోయింది, ముద్దనూరు పోయింది, ఊళ్ళో పెళ్ళిళ్ళకు సరేసరి. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళుంటే ఆడపిల్లలను రెండు జట్లు చేసి పంపింది. అంటే పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజుల్లోనే చట్రాల దగ్గర మనుషుల్లేరు. దానికి తోడు ఆ పెళ్ళిళ్ళలో ఆమె పనితనం చూసినవాళ్ళు అక్కడికక్కడే కొత్త జాకెట్లకు మాట తీసుకున్నారు. జాకెట్లు మునుపటికంటే ఆలస్యమయ్యాయి. ఈసారి అరవడానికి కూడా లేదు, భోజనాల పంక్తిలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు.

పిల్ల కంగారుపడి, పత్రిక తేవద్దు, ఫోనులో ఫోటో పంపిస్తే చాలని బోర్డు మార్చి రాసింది. ఫోటోలు వచ్చాయి. కింద, దీన్నే మా స్వయం ఆహ్వానంగా భావించి తప్పక రావలసిందని రాసి మరీ వచ్చాయి.

సెలవులైపోయే రోజు పిల్లే ఆ అట్టముక్క తీసేసింది. మొహం చిన్నబోయి ఉంది. ఆమె మాత్రం దాని తల నిమిరి, జాకెట్లు ఎప్పుడూ లేటే బేటీ, ఇంత పప్పన్నం మాత్రం నేను ఈ ఎండాకాలమే తిన్నా అంది. సర్టిఫికెట్టు అడిగితే ఇవ్వడానికి లెటర్‌హెడ్ లేదంది. చట్రం ముందు పిల్ల ఫోనులో నిజాలు చెప్తున్న ఫోటో ఒకటి తీసి ఇచ్చింది.

చలికాలంలో అప్లికేషను వచ్చింది. నువ్వు చేసిన పని ఏదన్నా ఒకటి రాయమన్నారు. పిల్ల రాసింది చదివి నేను కళ్ళజోడు తీసేశాను. ఉపాయం ఎట్లా తప్పిపోయిందో మొత్తం పూసగుచ్చినట్టు రాసింది. ఇట్లా రాస్తే సీటు రాదే అన్నాను. మొదటి వారం బాగా నడిచింది కదా, అక్కడిదాకా రాసి ఆపు అన్నాను.

"ఆపితే మిగిలింది ఏమవుతాది పెద్దమ్మా?"

"ఏమీ కాదు. ఎవరూ అడగరు."

"నేను అడుగుతా కదా."

దానితో నేను చేసిన వాదనల్లో అంత గట్టిగా చేసింది ఇంకోటి లేదు. ఉన్నది ఒక్క ఛాన్సు, అవతల కూర్చున్నవాళ్ళకు ప్రొద్దుటూరు ఎక్కడుందో కూడా తెలియదు, పెళ్ళిపత్రిక మర్యాదలు వాళ్ళకేం పట్టాయి, గెలిచిన పిల్లలను తీసుకుంటారు గానీ ఓడినవాళ్ళను తీసుకుంటారా అని. మా మరిది మొదటిసారి నా పక్షం వచ్చాడు. ఫ్యాక్టరీలో బాగా రాని మాలును ఎవురన్నా బయటోళ్ళకు చూపిస్తారా అన్నాడు. పిల్ల ఇద్దరి మాటా విని, ఓపిగ్గా ఒక కామా మాత్రం మార్చి, పంపించేసింది. నా దగ్గర వాదన నేర్చుకున్న పిల్లను నేనే ఓడించలేకపోయాను. చెప్పుకుంటే సిగ్గుగానూ ఉంది, ఎవరికన్నా చెప్పుకోవాలనీ ఉంది.

ఇంటర్వ్యూ మా ఇంట్లోనే, ల్యాప్‌టాప్‌లో. మా మరిది సెలవు పెట్టి చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మేము ముగ్గురం వంటింట్లో నేల మీద కూర్చున్నాం. మాటలన్నీ ఇంగ్లీషులో. అర్థమైనంత నేను చెవిలో చెప్తున్నాను. అవతల ఇద్దరున్నారు. కాసేపు లెక్కల మీద అడిగారు, కాసేపు ఊరి మీద. తర్వాత జాకెట్ల దగ్గరికి వచ్చారు. నీ ఉపాయం పనిచేయలేదు కదా, ఇప్పుడైతే ఏం చేస్తావు అన్నారు.

మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

అబద్ధపు తేదీ తీసేస్తే చాలనుకున్నాను, అది అందరూ కలిసి దాచుకున్న వెసులుబాటు అని అప్పుడు తెలియదు, అంది పిల్ల. అది తీసేటప్పుడు ఇంకో వెసులుబాటు చూపించాలి, ఏం చూపించాలో నాకు ఇంకా తెలియదు అంది. పత్రిక అంటే తేదీ అనుకున్నాను, మా ఊళ్ళో పత్రిక అంటే పిలుపు, అది తెలిసి కూడా లెక్క వేసేటప్పుడు మర్చిపోయాను అంది. నేను ఇవన్నీ మా మరిదికి చెప్పాను.

"తెలీదని చెప్తాండాదా?" అన్నాడు.

"అవునప్పా."

"వాళ్ళ మొగం మీదే?"

గదిలో నుంచి నవ్వు వినపడింది. అవతలివాళ్ళది. మా మరిది నా వైపు తిరిగి, "నవ్వుతాండారు వదినా. అది మంచికా, చెడ్డకా?" అని అడిగాడు. ప్రతిదానికీ జవాబున్న దాన్ని, ఆ రోజు ఉష్ అని అతని నోరు మూయించి గది వైపు చెవి పెట్టాను.

అతని లెక్కలో ఆ రోజుతో సీటు పోయింది. వెళ్తూ వెళ్తూ పిల్లకు ఇంజనీరింగు ఎంట్రెన్సు పరీక్ష పుస్తకాలు కొనిచ్చి పోయాడు. పిల్ల ఆ పుస్తకాలు తీసి మరుసటి రోజు నుంచే చదవడం మొదలుపెట్టింది. ఫిజిక్సు, కెమిస్ట్రీ, పొద్దున లేచి. ఫలితం ఇంకా రాలేదు కదే అంటే, నాన్నకు మాటిచ్చినా కదా, మూతి ముడుచుకోకుండా అంటే ముందు నుంచే ముడుచుకోకూడదు అంది. పక్క గదిలో అది సూత్రాలు వల్లె వేస్తుంటే వింటూ, ఆ యూనివర్సిటీవాళ్ళను నేను మనసులో ఎన్ని మాటలన్నానో చెప్పలేను. వాళ్ళు ఇంకా ఏ తప్పూ చేయలేదు. అయినా అన్నాను.

ఎండలు ముదిరాక ఒక పొద్దున, నేను ఆఫీసుకు తయారవుతుంటే పిల్ల ఫోను పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. ఫోను నా చేతికిచ్చింది. నేను కళ్ళజోడు వెతుక్కుని చదివాను. మళ్ళీ చదివాను. ఇన్సూరెన్సు ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసినదాన్ని, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో మెలిక ఉంటుందని చివరిదాకా వెతికాను. లేదు. సీటిచ్చారు.

నాన్నకు ఫోనులో చెప్పను, ఎదురుగా చెప్తాను అంది. అతను పగటి షిఫ్టులో ఉన్నాడు. నేను ఆఫీసుకు సెలవు చెప్పాను. బస్సెక్కి ఎర్రగుంట్లలో దిగి, ఆటోలో చిలమకూరు పోయాం. గేటు దగ్గర చెప్పి పంపితే అతను హెల్మెట్ చేతిలో పట్టుకుని, కనుబొమల మీద సిమెంటు దుమ్ముతో, దాదాపు పరుగున వచ్చాడు. ఫ్యాక్టరీకి ఇంటి ఆడవాళ్ళు వచ్చారంటే చావు కబురేనని అనుకున్నాడు పాపం.

"ఎవురికి ఏమయింది?"

"వచ్చింది నాన్నా," అంది పిల్ల.

అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. చేతులకు దుమ్మని ఫోను ముట్టుకోలేదు. పిల్ల పట్టుకుంటే వంగి, ఒక్కో మాటా పెదాలు కదిలిస్తూ చదివాడు.

"ఆడ అన్నం పెడతారా, దినామూ రొట్టెలేనా?" అన్నాడు.

పిల్లకు తెలియదు. అది కనుక్కోకుండానే ఇంటర్వ్యూ ఇచ్చినావా అన్నాడు. పిల్ల ఏడుస్తూ నవ్వింది. అతను మోచేత్తో దాని భుజాన్ని ఒకసారి తోశాడు, దుమ్ము అంటకుండా. తర్వాత లోపలికి పోబోతూ వెనక్కి తిరిగి, "మీ అమ్మకు మీరు చెప్పొద్దండి. షిఫ్టు దిగి పోయి నేను చెప్తా. నేనే చెప్పల్ల," అన్నాడు. నన్ను చూసి, "నువ్వు కూడా వదినా. నోరు కట్టేసుకో," అన్నాడు.

నేను ఎవరి మాటా అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని కాను. ఆ మాట మాత్రం ఒప్పుకున్నాను. ఇంటికొచ్చేసరికి చెల్లెలు ఫోను చేసింది, ఊరికే, రోజూ చేసినట్టే. ఎండల గురించి మాట్లాడాను. వాళ్ళ వీధిలో నీళ్ళు వస్తున్నాయా అని అడిగాను. ఆమె ఏదో చెప్తుంటే సరే, సరే అన్నాను. పిల్ల పక్కన కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏందక్కా, ఒంట్లో బాగలేదా?" అంది చెల్లెలు. "దేనికీ ఎదురు చెప్పకుండా ఉండావు."

బాగానే ఉన్నానన్నాను. సాయంత్రం వంట ఏం చేస్తున్నావని అడిగాను. ఇంకా అనుకోలేదంది. ఏదన్నా తీపి చెయ్యి, షిఫ్టు నుంచి మనిషి అలిసి వస్తాడు అన్నాను. ఆమె ఎప్పటిలాగే సరేనంది.